కలిపి కుట్టిన వేళ్ళు

క్యాచ్ జారింది ఆదివారం సాయంత్రం. సోమవారం పొద్దున దుకాణం తీద్దామని వచ్చేసరికి షట్టరుకు జల్లెడ వేలాడుతోంది. పిండి జల్లించుకునే మామూలు జల్లెడే. కొత్తది, అంటించిన చీటీ కూడా ఊడదీయలేదు. వెటకారం చేయడానికి జనం ఇంత శ్రమ పడతారని ఆవిడకు అంతవరకూ తెలియదు. దాన్ని విప్పి, ఎక్కడ పెట్టాలో తోచక, బల్ల కింద గుడ్డ పీలికల్లోకి తోసేసింది.

వీధిలో అందరికీ ఆవిడ టైలరమ్మ. ఒక్క మనిషికి మాత్రం అక్క. ఆ ఒక్కడి గొడవే ఈ కథంతా కాబట్టి మనమూ అక్క అనే అందాం.

ఆ జల్లెడ ఆవిడ తమ్ముడు. అంతకుముందు రోజు దాకా అతని పేరు ఉడుము. జట్టుకు వికెట్ కీపరు. బంతి చేతికందిందంటే ఉడుంపట్టే అని జనమే మురిసిపోయి పెట్టుకున్న పేరది. ఆ బొమ్మతో చొక్కాలు అమ్మారు, పిల్లల పెన్సిలు డబ్బాలు అమ్మారు. ఒక్క బంతికి ఉడుము కాస్తా జల్లెడ అయిపోయింది. ఇచ్చిన పేరు తీసేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు మరి.

సిరీస్‌లో మూడు మ్యాచ్‌లు. మొదటిది గెలిచారు. రెండోది గెలిస్తే కప్పు చేతికొచ్చినట్టే. అవతలివాళ్ళ ఆఖరి జోడీ కిందా మీదా పడుతూ ఆడుతోంది. బంతి బ్యాటు అంచుకు తగిలి, ఛాతీ ఎత్తున, నేరుగా కీపరు చేతుల్లోకి వచ్చింది. వచ్చింది, పడింది, ఎగిరింది, నేల మీదకు జారింది. తర్వాతి బంతికి ఫోరు కొట్టి వాళ్ళు మ్యాచ్ పట్టుకుపోయారు. ఇక తేల్చుకోవలసింది వచ్చే ఆదివారం, మూడో మ్యాచ్‌లో.

అది ఎందుకు జారిందో ఆ రాత్రి నుంచీ లోకమంతా వివరిస్తూనే ఉంది. అసలు సంగతి తెలిసినవాళ్ళు మాత్రం నలుగురే. తమ్ముడు, అతనికి కట్టు కట్టే జట్టు ఫిజియో, ఎక్స్‌రే తీసిన ఎముకల డాక్టరు, అక్క.

సిరీస్ మొదలవడానికి ముందు, ఓ రోజు భోజనాల వేళ దాటాక, తమ్ముడు దుకాణం వెనక తలుపు నుంచి వచ్చాడు. టోపీ కనుబొమల దాకా దించి, మూతికి మాస్కు పెట్టుకుని, దొంగలా వచ్చాడు. ఈ మధ్య ఎప్పుడొచ్చినా అలాగే వస్తున్నాడు.

"అక్కా, లోపలి గ్లవ్స్ రెండు జతలు కావాలి," అన్నాడు కూర్చోకుండానే. "కుడిచేతికి ఉంగరం వేలూ చిటికెన వేలూ ఒకే దాంట్లో పట్టేట్టు కుట్టు. రెండూ కలిపి."

"అదేం కుట్టురా? మనిషికి కుడుతున్నానా, బాతుకి కుడుతున్నానా?"

వాడు నవ్వలేదు. చేతికి చుట్టుకున్న టేపు విప్పాడు. ఉంగరపు వేలు నడి కణుపు దగ్గర ఉబ్బి, వంకాయ రంగులో ఉంది. అక్క చేతిలో కత్తెర బల్ల మీద పడింది.

కీపర్లు పైన తొడుక్కునే పెద్ద గ్లవ్స్ లోపల పల్చటి నూలు గ్లవ్స్ ఇంకో జత వేసుకుంటారు. చెమట పీల్చడానికి, దెబ్బ కాస్త ఆగడానికి. కంపెనీలవాళ్ళు అలాంటివి పెట్టెలకొద్దీ పంపుతారు. కానీ చిన్నప్పుడు పాత దుప్పటి చింపి అక్క కుట్టిచ్చిన జతతో మొదలుపెట్టినవాడు, ఈనాటికీ అక్క కుట్టినవే వేసుకుంటాడు. కొలతలు తీసుకోవలసిన పని కూడా లేదు. ఆ వేళ్ళు పెరిగింది ఆవిడ కళ్ళముందే.

"ఎముక చిట్లిందట," అన్నాడు. "కొన్నాళ్ళు బంతి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. మళ్ళీ గట్టి దెబ్బ తగిలితే ఆ వేలు ఇక వంగదట."

"మరింకేం? చెప్పేసి ఇంటికి రా."

"వచ్చి? పోయినేడు మోకాలు వాచిందని రెండు మ్యాచ్‌లు మానేస్తే ఏమన్నారో మర్చిపోయావా? గాజుబొమ్మ అన్నారు. నా మోకాలి బొమ్మ గోడంత వేసుకుని గంటసేపు వాదించుకున్నారు. ఇప్పుడు పెద్ద సిరీస్ ముందు తప్పుకుంటే పారిపోయాడనే అంటారు. నా చోటుకి ఇంకొకడు గ్లవ్స్ తొడుక్కుని కూర్చున్నాడు. నేను ఒక్కసారి లేస్తే చాలు."

"నీకేమనిపిస్తోందిరా? ఆడాలనుందా?"

ఆ ప్రశ్న ఎవరూ అడగనట్టుంది. కాసేపు గోడకు వేలాడుతున్న స్కూలు చొక్కాల వైపు చూశాడు.

"తెలీదక్కా. నాకేం కావాలో ఆలోచించుకుని చాలా రోజులైంది. కుట్టిపెడతావా లేదా? ఎవరికీ చెప్పకు. బావకి కూడా."

కుట్టనని కూర్చోవలసింది. కుట్టకపోతే ఆ వాచిన వేలిని మామూలు గ్లవ్‌లోనే దూర్చుకుని పోతాడు. కుట్టినా తప్పే, కుట్టకపోయినా తప్పే. రెండు తప్పుల్లో కాస్త మెత్తటిదని ఆవిడ కుట్టింది. పై గ్లవ్‌లో కూడా ఆ రెండు వేళ్ళ మధ్య అడ్డు విప్పేసి, బయటికి తెలియకుండా మళ్ళీ అంచు కట్టింది. ఒక జత వాడు పట్టుకెళ్ళాడు. రెండోది, చిరిగితే పనికొస్తుందని, సొరుగులో దాచింది.

వాడికి బంతి పట్టడం నేర్పింది కూడా ఆవిడే. అమ్మానాన్నా పనికి వెళ్తే ఇంటి వెనక గోడకేసి బంతి విసిరేది. "పట్టుకోవడానికి ఎగబడకురా. రానివ్వు. దానంతటదే చేతిలోకొస్తుంది," అనేది. ఆదివారం టీవీలో చూసింది. వాడు బంతిని రానివ్వలేదు. నొప్పికి జడిసి చేతులు కర్రల్లా ముందుకు చాచాడు. అది జారక ముందే అక్కకు తెలిసిపోయింది జారుతుందని.

సోమవారమంతా ఎదురుగా టీ కొట్టులో టీవీ మోగుతూనే ఉంది. ఒక మాజీ ఆటగాడు, తన కాలంలో తానెన్ని వదిలేశాడో మర్చిపోయి, శ్రద్ధ లేదన్నాడు. ఇంకొకాయన ప్రకటనల్లో నటించేవాళ్ళకి ఆట మీద ధ్యాసెక్కడుంటుందన్నాడు. ఆ ప్రకటనలు ఆ చానల్లోనే, ఆయన మాటల మధ్యలోనే వస్తున్నాయి. బావ, అంటే అక్క భర్త, పని మానేసి ఫోన్ పట్టుకుని కూర్చున్నాడు.

"వీడెవడో అమ్ముడుపోయాడంటున్నాడే. డబ్బు తీసుకుని వదిలేశాడట."

"చదవకండి."

"నేను చదవట్లేదే, అవే వస్తున్నాయి."

మిగతావన్నీ ఎలాగో మింగింది గానీ ఆ మాట మాత్రం అక్క గొంతు దిగలేదు. చేతకానివాడంటే పోనీ అనుకోవచ్చు. విరిగిన వేలితో నిలబడినవాణ్ణి అమ్ముడుపోయాడంటే కడుపు మండకుండా ఎలా ఉంటుంది?

సరిగ్గా ఆ మంట మీద ఉండగా ఓ టీవీ విలేకరి అమ్మాయి వచ్చింది. అరిచే రకం కాదు. చెప్పులు గుమ్మం బయట విప్పి, "అక్కా, కాసిని మంచినీళ్ళిస్తారా?" అంటూ వచ్చింది. మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, తమ్ముడి చిన్నతనం గురించి అడిగింది. గోడ గురించీ దుప్పటి గ్లవ్స్ గురించీ చెబితే కళ్ళు చెమర్చుకుంది. అది నటనని ఈ కథ చెప్పేవాళ్ళు అనరు. ఆ పిల్లకు నిజంగానే కళ్ళు చెమర్చాయి, వెనక కెమెరా నిజంగానే నడుస్తోంది. రెండూ ఒకేసారి జరగొచ్చు.

"అమ్ముడుపోయాడంటున్నారు కదక్కా, మీరేమంటారు?"

అక్క లేచింది. సొరుగు లాగింది. "అమ్ముడుపోయినవాడు ఎముక చిట్లిన వేలితో ఆడతాడా? ఇదిగో, చూడండి! వేళ్ళు విడిగా పెట్టుకోలేక కలిపి కుట్టించుకున్నాడు. నేనే కుట్టాను. ఇంకెవరైనా అయితే మంచమెక్కి పడుకునేవాళ్ళు. నా తమ్ముడు మీకోసం నిలబడ్డాడు!"

ఆ అమ్మాయి స్టూలు కాస్త ముందుకు జరుపుకుంది. తర్వాత చాలా నెమ్మదిగా, "ఆ గ్లవ్ ఒక్కసారి ఇటు తిప్పుతారా అక్కా?" అంది. అక్క తిప్పింది.

ఆ తర్వాత ఓ గంటసేపు ఆవిడ గుండె దూదిపింజలా తేలిపోయింది. ఇక అందరికీ తెలుస్తుంది. నొచ్చుకుంటారు, అయ్యో పాపం అంటారు, ఆ జల్లెడ కట్టినవాడు తలదించుకుంటాడు అనుకుంటూ చకచకా మూడు చొక్కాలకు గుండీలు కుట్టేసింది. మాటిచ్చిన సంగతి గుర్తొచ్చింది గానీ, మేలు కోసం మాట తప్పితే తప్పవుతుందా అని సర్దుకుంది.

సాయంత్రానికి టీ కొట్టు టీవీలో గ్లవ్ గిరగిరా తిరుగుతోంది. 'గాయం దాచి జట్టును ముంచాడు.' ఇంకో చానల్లో 'కుట్టులో కుట్ర.' కలిపి కుట్టిన ఆ రెండు వేళ్ళ చుట్టూ ఎర్రగీత గుండ్రంగా చుట్టి, దొంగ దొరికిన ఇల్లు చూపించినట్టు చూపిస్తున్నారు. పొద్దున శ్రద్ధ లేదన్న మాజీ ఆటగాడే ఇప్పుడు, "ఇంత స్వార్థమా? తప్పుకుని ఇంకొకరికి అవకాశం ఇవ్వాలి కదా!" అంటున్నాడు. తప్పుకున్నప్పుడు గాజుబొమ్మ అన్నవాళ్ళలో ఆయనా ఒకడు.

తమ్ముడు ఫోన్ చేశాడు. తిట్టలేదు. తిట్టినా బావుండేది.

"ఏం చేశావక్కా..."

"అమ్ముడుపోయావంటుంటే వినలేకపోయానురా."

"అది నాల్గు రోజులకి పోయేది. ఇది పోదు. గాయం దాచితే ఏడాది ఆడనివ్వరు. నాతో పాటు ఫిజియో ఉద్యోగం కూడా పోతుంది. ఆయనకి చిన్నపిల్లలు." గొంతు తగ్గించాడు. "మేనేజర్ ఫోన్ చేస్తాడు. ఆయన చెప్పినట్టు చెయ్యి. నన్ను క్షమించు."

ఎవరు ఎవర్ని క్షమించాలో అక్కకు అర్థం కాలేదు.

తమ్ముడి వ్యవహారాలు చూసే మేనేజరు చాలా మర్యాదస్తుడు. ఎంత ఘోరమైన మాటైనా 'అమ్మా' అని మొదలుపెట్టి చెబుతాడు. "అమ్మా, జట్టులోనూ ఎవరికీ ఇది నిజం కావడం ఇష్టం లేదు. నిజమైతే అందరికీ తలనొప్పే. మీరు ఆ అమ్మాయినే పిలిచి, ఆవేశంలో నోరు జారానని చెప్పండి. గాయం లేదు, ఏమీ లేదు. మీకు క్రికెట్ గురించి తెలియదు. అంతే."

"గాయం లేదంటే వాడు ఆదివారం ఆడాలి కదండీ?"

"ఆడతాడమ్మా. ఆడితేనే కదా నమ్ముతారు."

"ఆ వేలితోనా?"

"అదే మీరు చెప్పకూడదంటున్నాను," అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

మర్నాడు తమ్ముడు విలేకరుల ముందు కూర్చున్నాడు. నవ్వుతూ కుడిచెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించి, విప్పి, మళ్ళీ బిగించి చూపించాడు. నొప్పి తెలియకుండా ఏదో సూది పొడిచే ఉంటారు. చూసినవాళ్ళంతా ఆ పిడికిలే చూశారు. అక్క పైపెదవి మీద చెమట చూసింది. చిన్నప్పుడు కట్టు విప్పుతుంటే ఏడవకుండా బిగబట్టుకున్నప్పుడూ అక్కడే పట్టేది చెమట.

మధ్యాహ్నం టీవీ అమ్మాయి మళ్ళీ గుమ్మం బయట చెప్పులు విప్పింది. ఈసారి అక్క మంచినీళ్ళివ్వలేదు.

"నిన్న నేను చెప్పింది నిజం కాదండీ. ఆవేశంలో అన్నాను. వాడి చేతికేమీ కాలేదు. నాకసలు క్రికెట్ తెలీదు."

ఆ ఆఖరి మాట అంటున్నప్పుడు ఇంటి వెనక గోడ గుర్తొచ్చింది. అయినా అనేసింది.

"మరి ఆ గ్లవ్ సంగతేంటక్కా? రెండు వేళ్ళూ కలిపి ఉన్నాయి కదా?"

ఈ ప్రశ్నకు జవాబు మేనేజరు చెప్పి ఉండలేదు. అక్క మిషను వైపు చూసింది, కత్తెర వైపు చూసింది. ఇన్నేళ్ళలో గుడ్డ పాడుచేసిందని ఒక్క మనిషి చేత అనిపించుకోలేదు.

"కత్తిరించడంలో పొరపాటు జరిగింది," అంది.

"అంటే మీరు తప్పుగా కుట్టారా?"

"అవును."

"తమ్ముడు మీరు కుట్టినవే వేసుకుంటాడని నిన్న మీరే అన్నారు. అంటే ఆదివారం కూడా ఇలాంటిదే వేసుకున్నాడా? ఆ తప్పుడు కుట్టు వల్లే క్యాచ్ జారిందా అక్కా?"

కాదంటే, మరి ఎందుకు జారింది? అక్కడి నుంచి దారి మళ్ళీ ఆ వేలి దగ్గరికే పోతుంది. బావ గుమ్మంలో నిలబడి వద్దు వద్దన్నట్టు తలాడిస్తున్నాడు, ఏది వద్దో ఆయనకే తెలియకుండా.

"అవునమ్మా," అంది అక్క. "నావల్లే జారింది."

అంతే. ఓడిపోయింది ఎందుకో జనానికి దొరికింది. సాయంత్రానికి తమ్ముడు అమాయకుడైపోయాడు. నోట్లో నాలుక లేనివాడు, ఇంట్లోవాళ్ళ మీది ప్రేమతో ఆ చేతకాని కుట్టు వేసుకుని దెబ్బతిన్నాడని ముక్కున వేలేసుకున్నారు. అక్క ముఖం, చేతిలో గ్లవ్, కింద పెద్ద అక్షరాలు. ఒక్క కుట్టుకైనా సూది పట్టడం రానివాళ్ళు కూడా ఆవిడ కుట్టులో తప్పులెన్నారు. స్కూలువాళ్ళు చొక్కాల గుడ్డ వెనక్కి పట్టుకుపోయారు. ఎప్పటి నుంచో కుట్టించుకుంటున్న ఎదురింటావిడ, "చేతులు కలిపి కుట్టెయ్యవు కదా?" అని నవ్వుతూ అడిగింది. అక్క కూడా నవ్వింది. నవ్వకపోతే ఏదో ఉందనుకుంటారు.

తమ్ముడికి ఫోన్ చేసింది, వద్దురా, ఏదో ఒకటి చెప్పి మానెయ్యరా అందామని. ఎత్తలేదు. 'బాగానే ఉన్నాను' అని మాత్రం రాసి పంపాడు.

ఆదివారం వచ్చింది. టీ కొట్టువాడు టీవీ బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. వీధి వీధంతా అక్కడే. అక్క ఇంట్లో కూర్చుందామనుకుంది గానీ, రాకపోతే బాగోదని బావ బతిమాలాడు. వచ్చి కుర్చీలో ఓ పక్కగా కూర్చుంది. అందరూ స్కోరు చూస్తుంటే ఆవిడ కుడిచేతి గ్లవ్ ఒక్కటే చూసింది.

బంతి పట్టిన ప్రతిసారీ పక్క ఫీల్డరుకు ఎడమచేత్తో విసురుతున్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కుడిచేత్తో విసిరేవాడు. టీవీలో వ్యాఖ్యాత, "చూడండి, ఎంత విలాసంగా ఎడమచేత్తో! ఇది అతని కొత్త స్టైల్," అని పొంగిపోయాడు. అప్పుడే వీధిలో ఇద్దరు ముగ్గురు ఎడమచేత్తో విసరడం మొదలుపెట్టారు.

ఆట సాగిన కొద్దీ సూది మందు దిగిపోతున్నట్టుంది. ఓవరుకీ ఓవరుకీ మధ్య చెయ్యి చంకలో దూర్చుకుని వంగి నిలబడుతున్నాడు. ఏకాగ్రత అన్నాడు వ్యాఖ్యాత. అక్క తన ఉంగరపు వేలు ఎడమచేత్తో పట్టుకుని కూర్చుంది. ఒక్క కేకేస్తే ఆగే పనైతే ఊరు దద్దరిల్లేలా వేసేది.

మళ్ళీ ఆఖరి జోడీయే. మళ్ళీ కాసిని పరుగులే. వేగంగా వచ్చిన బంతి బ్యాటు అంచును గీరుకుంటూ కుడివైపు వెళ్ళింది. తమ్ముడు గాల్లోకి లేచాడు. ఎడమచెయ్యి అందదు. కుడిచెయ్యి ఒక్కటే చాచాడు. బంతి ఆ రెండు వేళ్ళ దగ్గరే తగిలింది. నేలకు ఒరిగిపోతూ, ఎడమచేత్తో కుడి గ్లవ్‌ను బంతితో సహా పొట్టకేసి అదుముకున్నాడు. జారలేదు.

వీధి పేలిపోయింది. కుర్చీలు ఎగిరాయి, టీ గ్లాసులు దొర్లాయి. "ఉడుమురా! ఉడుము!" అని అరుపులు. టీవీలో జట్టంతా వచ్చి వాడి మీద పడింది. కెప్టెను పరుగెత్తుకొచ్చి వాడి కుడిచెయ్యి పట్టుకుని, పైకి లేపి, మైదానమంతా కనబడేలా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. వాడు నవ్వుతూనే ఉన్నాడు, నోరు వెడల్పుగా తెరుచుకుని.

"వదలండి! వాణ్ణి వదలండయ్యా!" అని అక్క లేచి ఏడ్చింది. ఆ హోరులో ఎవరికీ వినబడలేదు. ఎదురింటావిడ వచ్చి వాటేసుకుని, "పోనీలేమ్మా, అందరం మర్చిపోయాం. నువ్వు కావాలని చేశావా ఏంటి?" అని కన్నీళ్ళు తుడిచింది. టీవీ అమ్మాయి జనంలోంచి ఎలాగో దూరి వచ్చి మైకు పెట్టింది. "ఆనందబాష్పాలు ఆగట్లేదు కదా అక్కా! ఎలా అనిపిస్తోంది?"

అక్క ఒక్క క్షణం మైకు వైపు చూసింది. ఈసారి ఎవరూ చెప్పకుండానే ఏమనాలో తెలిసింది.

"చాలా సంతోషంగా ఉంది," అంది.

మంగళవారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. అంతకుముందు రోజే స్కూలువాళ్ళు గుడ్డ మళ్ళీ తెచ్చిచ్చారు. ఎవరో షట్టరు మీద పెద్ద ఉడుము బొమ్మ గీసి, కింద 'ఉడుము అక్క దుకాణం' అని రాసిపోయారు.

"వేలెలా ఉందిరా?"

"ఉంది," అన్నాడు. "ఇక వంగదులే," అని పక్కింటి సంగతిలా చెప్పాడు. "నడి వేలు కూడా కాస్త పట్టేసింది. అది సర్దుకుంటుందంటున్నాడు ఫిజియో."

"ఇకనైనా ఇంటికొస్తావా?"

"ఎలా వస్తానక్కా? వచ్చే నెల ఇంకో సిరీస్. జనం నిన్నటి నుంచీ హోటల్ కిందే ఉన్నారు, కిటికీ తెరిస్తే ఉడుము ఉడుమని అరుస్తున్నారు. ఇప్పుడు మానేస్తే..." వాక్యం పూర్తి చేయలేదు. వాళ్ళిద్దరికీ ఆ మిగతా సగం వచ్చు. "అక్కా, ఇంకో రెండు జతలు కుట్టి పెట్టు."

"అలాగేరా. అలాగే కుట్టనా, రెండూ కలిపి?"

"కాదు," అన్నాడు తమ్ముడు. "ఈసారి మూడు కలిపి కుట్టు."

అక్క ఫోన్ పెట్టేసింది. సొరుగులోంచి తెల్ల నూలుగుడ్డ తీసి, బల్ల మీద పరిచి, ముడతలు అరచేత్తో సాపు చేసి, కత్తెర అందుకుంది.